బొంతకు గుడ్డ కోసే ముందు గంజి: ఎంత, ఎలా, ఎందుకు

నాలుగు పాత నూలు చీరలు పేర్చి, అంచుల వెంట మొదలుపెట్టి మధ్యకు వరస కుట్లు వేసుకుంటూ పోయే మామూలు బొంతకు గంజి అక్కర్లేదు. గుడ్డ మెత్తగా ఉంటేనే దానికి అందం. గుడ్డను చదరాలు, ముక్కోణాలుగా కోసి, అతికి, పైపొర తయారుచేసే బొంత సంగతి వేరు. దానికి గంజి పట్టించకుండా కత్తెర పట్టుకోవద్దు.

కారణం లెక్కలో ఉంది. ఒక వరసలో పన్నెండు ముక్కలుంటే పదకొండు అతుకులు. కోసేటప్పుడో, మిషను పాదం కిందో ఒక్కో అతుకు దగ్గర గుడ్డ అంగుళంలో పదహారో వంతు సాగినా వరస చివరికి దాదాపు ముప్పావు అంగుళం తేడా వస్తుంది. కింది వరస సరిగ్గా ఉండి, పై వరస ముప్పావు అంగుళం పెరిగితే ఆ రెండింటినీ ఏ దారమూ సరిగ్గా కలపలేదు. ముక్కోణాలైతే ఇంకా కష్టం. వాటి పొడవైన అంచు ఐమూలగా పడుతుంది. నిలువు పోగు, అడ్డపోగు రెండూ ఆ అంచును పట్టి ఉంచవు కాబట్టి చేత్తో ఎత్తితేనే సాగుతుంది. గంజి పోగుల మధ్య ఎండి, వాటిని ఒకదానికొకటి అతికి పెడుతుంది. గుడ్డ కాగితంలా కదలకుండా నిలుస్తుంది. కోత శుభ్రంగా పడుతుంది, పోగులు ఊడవు, అంచుకు పావంగుళం లోపల వేసే కుట్టు పావంగుళం దగ్గరే ఉంటుంది.

మెరుపు కోసం పంచెలకు పెట్టే గంజి వేరు, ఇది వేరు. ఇక్కడ కావలసింది బొంతలో పడే గుడ్డలన్నీ ఒకే బిగువుకు రావడం. ఒక ముక్క వెంకటగిరి నూలు చీరది, పక్క ముక్క లుంగీది, ఆ పక్కది పాప్లిన్ చొక్కాది అయితే మూడూ మూడు రకాలుగా సాగుతాయి. కనుక అన్నిటికీ ఒకే చిక్కదనం పనికిరాదు. పల్చటి గుడ్డకు చిక్కటి గంజి, మందపాటి గుడ్డకు పల్చటి గంజి.

ముందు గుడ్డను పరీక్షించండి

పాత చీరలు వాడేవాళ్లు ఈ పనిని అస్సలు వదలకూడదు. గంజి చీకిపోయిన గుడ్డకు కూడా బలం ఉన్నట్టు చూపిస్తుంది. గంజి పెట్టాక అన్నీ గట్టిగానే కనిపిస్తాయి. బొంత పూర్తయి, మొదటి ఉతుకు పడ్డాక నాలుగైదు ముక్కలు మధ్యకు చీలతాయి. అప్పుడు మార్చడం మహా కష్టం.

అందుకే గంజికి ముందే చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి. పోగులు దూరమై వెలుతురు ఎక్కువగా వచ్చే చోట సుద్దతో గుర్తు పెట్టండి. సాధారణంగా నడుము దగ్గర దోపే భాగం, కుచ్చిళ్లు మడతపడే చోటు, మడమలకు తగిలే కింది అంచు ముందు చీకుతాయి. కొంగు వైపు గుడ్డ చాలాకాలం గట్టిగా ఉంటుంది. అనుమానం ఉన్న చోట రెండు బొటనవేళ్లు పక్కపక్కన ఆనించి గుడ్డను పక్కలకు లాగండి. పోగులు విడిపోయి తిరిగి దగ్గరకు రాకపోయినా, చిన్నగా పిటపిటమని వినపడినా ఆ భాగం పక్కన పెట్టేయండి. అడుగుపొరలో లోపలికి వేసుకోవచ్చు, పైపొరకు వద్దు.

కొత్త గుడ్డకు మరో సంగతి. చీరాల, వేటపాలెం, పాటూరు మగ్గాల మీంచి వచ్చిన నూలు గుడ్డ కొత్తగా ఉన్నప్పుడు బిగువుగానే ఉంటుంది. నేతకు ముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, పట్టించిన గంజి అందులో ఉంటుంది. ‘ఎటూ గంజి ఉంది కదా’ అని నేరుగా కోయకూడదు. ఆ గంజి పడుగు పోగుకే పడుతుంది, పేకకు, అంటే అడ్డపోగుకు, పట్టదు. కాబట్టి గుడ్డ పొడవున బిగువుగా, అడ్డంగా మెత్తగా ఉంటుంది. పైగా ఆ గుడ్డ ఇంకా కుంచించుకుపోలేదు. ఉతకని నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతులు తగ్గడం మామూలే. అంటే మీటరుకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు. ఒక ముక్క తగ్గి, పక్క ముక్క తగ్గకపోతే అతుకుల దగ్గర గుడ్డ ముడతలు పడుతుంది.

కాబట్టి కొత్తదైనా పాతదైనా ముందు రాత్రి నీళ్లలో నానబెట్టి, కొద్దిగా సబ్బుపొడితో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించండి. మెత్తదనం కోసం వాడే ద్రవాలు వద్దు, వాటి జిడ్డు పొర మీద గంజి సరిగా పట్టదు. రంగు దిగుతుందేమో చూడటానికి గుడ్డ మూలను తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి, పైన వేడి ఇస్త్రీ పెట్టె ఒత్తండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ గుడ్డను ఇంకా రెండు మూడుసార్లు ఉతకాలి. అప్పటికీ దిగుతుంటే ఆ బొంతలో వాడొద్దు. రాళ్ల ఉప్పు వేసి నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది నమ్ముతారు కానీ, ఒకసారి అద్దేసిన రంగును ఉప్పు పట్టి ఉంచలేదు.

నీళ్ల గురించి కూడా ఒక మాట. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లోనూ, సముద్రానికి దగ్గర ఊళ్లలోనూ బోరు నీళ్లు ఉప్పుగా, కఠినంగా ఉంటాయి. ఉతకడానికి అవే వాడక తప్పదు. కానీ చివరి జాడింపుకు, గంజి కాచడానికి మాత్రం మంచినీళ్లు వాడండి. ఉప్పునీళ్లతో చేస్తే ముదురు రంగు గుడ్డ మీద ఇస్త్రీ తర్వాత బూడిద పూసినట్టు తెల్లచారలు మిగులుతాయి. జనం గంజిని తిట్టుకుంటారు, తప్పు నీళ్లది.

ఏ గంజి వాడాలి

అన్నం వార్చిన గంజి అందరికీ తెలిసిందే. నూలు గుడ్డకు బాగా పడుతుంది. కాకపోతే చిక్కదనం ఏ రోజుకారోజు మారుతుంది. కుక్కర్లో వండే ఇంట అది దొరకదు కూడా. వాడాలనుకుంటే పావుకిలో బియ్యాన్ని రెండు లీటర్ల నీళ్లలో ఉప్పు వేయకుండా ఉడికించి, మెతుకు మెత్తబడ్డాక వార్చండి. పల్చటి పంచె ముక్కలో రెండుసార్లు వడకట్టాలి. ఒక్క మెతుకు పలుకు మిగిలినా ఇస్త్రీ కింద నలిగి గుడ్డకు అంటుకుంటుంది.

మైదా వద్దు. అందులో పిండితో పాటు జిగురుగా సాగే మాంసకృత్తు ఉంటుంది. అది ఉండలు కడుతుంది, తొందరగా పులుస్తుంది, వేడికి పసుపు తిరుగుతుంది.

మొక్కజొన్న పిండి, అంటే అంగట్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మేది, తూచి వేసుకోవడానికి అనువు. ప్రతిసారీ ఒకే చిక్కదనం వస్తుంది. ఎండాక మాత్రం కాస్త తెల్లని మసక ఉంటుంది కాబట్టి తెలుపు, లేత రంగులకు బాగుంటుంది. సగ్గుబియ్యం గంజి ఎండాక దాదాపు గాజులా పారదర్శకంగా ఉంటుంది. నలుపు, ముదురు నీలం, మెరూన్ గుడ్డలకు అంతకు మించింది లేదు. అన్ని రంగుల గుడ్డలూ కలిసే బొంతకు ఒక్కటే ఎంచుకోవాలంటే సగ్గుబియ్యమే ఎంచుకోండి.

బజార్లో దొరికే రివైవ్ లాంటి పొడులు తొందర పనికి పనికొస్తాయి. వాటి కొలత ప్యాకెట్ మీద ఉన్నట్టే వాడాలి. పాలిస్టర్ గుడ్డకు ఏ గంజీ సరిగా పట్టదు, ఎండాక పొరలా లేచిపోతుంది. పట్టు గుడ్డకు గంజి పెట్టొద్దు.

కాచడం

లీటరు నీళ్లకు యాభై గ్రాముల సగ్గుబియ్యం. పావులీటరు నీళ్లలో రెండు గంటలు నానబెట్టండి. మిగతా ముప్పావు లీటరు నీళ్లు మందపాటి గిన్నెలో మరిగించి, నానిన సగ్గుబియ్యం నీళ్లతో సహా పోసి, సన్నటి మంట మీద అడుగంటకుండా కలుపుతూ ఉండండి. గింజ మధ్యలో తెల్లచుక్క మాయమయ్యేదాకా ఉడకాలి. వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టండి, చల్లారితే దిగదు. ఉడకడంలో ఆవిరైపోయిన నీళ్లకు బదులు మంచినీళ్లు కలిపి మళ్లీ లీటరు చేయండి. ఇదే అసలు గంజి.

కార్న్‌ఫ్లోర్ అయితే అదే యాభై గ్రాములు, అంటే ఆరు పెద్ద చెంచాలు, చెంచా అంచుకు సమంగా. వంద మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో పాలలా కలిపి, మరుగుతున్న తొమ్మిది వందల మిల్లీలీటర్ల నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. పోసినప్పుడు తెల్లగా ఉన్నది కాసేపటికి చిక్కబడి, కొంచెం మసకగా మెరుస్తుంది. ఆ తర్వాత ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి. పిండి రేణువు నీళ్లు తాగి ఉబ్బి పగలాలంటే అరవై, డెబ్బై డిగ్రీల వేడి దాటాలి. సరిగా ఉడకని పిండి గుడ్డలోకి ఇంకదు, పైన పొడిలా నిలిచి రాలుతుంది. పొడి పిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండ పైపొర వెంటనే జిగురై, లోపల పిండి పచ్చిగానే ఉండిపోతుంది.

గంజి ఏరోజుకారోజే. మన ఎండలకు సాయంత్రానికే పుల్లటి వాసన వస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే పులవదు కానీ గట్టిపడి నీళ్లు విడిపోతాయి. మళ్లీ కాచినా మొదటి నునుపు రాదు.

పల్చన చేసే కొలత

వెంకటగిరి నూలు చీర, మల్లు గుడ్డ, బాగా అరిగి మెత్తబడిన పాత చీర: అసలు గంజి ఒక పాలు, నీళ్లు ఒక పాలు. వాటిలోంచి ముక్కోణాలు కోస్తున్నట్టయితే నీళ్లు కలపకుండా అసలు గంజే వాడండి. లుంగీ, మామూలు చేనేత గుడ్డ: గంజి ఒకటి, నీళ్లు రెండు. పాప్లిన్, చొక్కా గుడ్డ: ఒకటికి మూడు. బొంత అడుగుపొరకు కూడా ఒకటికి మూడు పాళ్లలో పెడితే మిషను కుట్టు వేసేటప్పుడు కింద కనపడకుండా పడే ముడతలు పోతాయి. మధ్యలో వేసే దూది పొరకు ఏ గంజీ తగలకూడదు.

అయిదున్నర మీటర్ల చీరకు రెండు లీటర్ల ద్రవం చాలు. చీర తన బరువుకు దగ్గరగా గంజి పీల్చుకుంటుంది, మిగిలేది గుడ్డ స్వేచ్ఛగా కదలడానికే. సింగిల్ మంచం బొంత, అరవై అంగుళాల వెడల్పు, తొంభై పొడవు, పైపొరకు నలభై నాలుగు అంగుళాల పన్నా గుడ్డ నాలుగున్నర నుంచి అయిదు మీటర్లు పడుతుంది.

ముంచడం, ఆరబెట్టడం

గుడ్డ మొత్తానికే గంజి పెట్టాలి, కోసిన ముక్కలకు కాదు. తడవగానే ముక్క ఆకారం మారుతుంది, అంతకుముందు తీసిన కొలతలకు అర్థం ఉండదు.

పొడి గుడ్డను నేరుగా ముంచొద్దు. మొదట తగిలిన చోట ఎక్కువ పీల్చుకుని మచ్చలు మచ్చలుగా గట్టిపడుతుంది. నీళ్లలో తడిపి, గట్టిగా పిండిన గుడ్డను గోరువెచ్చటి గంజిలో వేసి, ప్రతి మడతా విప్పుతూ, నొక్కుతూ అయిదు నిమిషాలు ఆడించండి. లేత రంగులు ముందు, ముదురు రంగులు చివర. మిగిలిన గంజిలో రంగు కనపడితే అది పారబోయండి. తీశాక మెలిపెట్టి పిండకూడదు. మెలిక పడ్డ గీతల్లో గంజి పేరుకుని, ఎండాక తెల్లగీతలవుతాయి. నాలుగు మడతలు వేసి రెండు అరచేతుల మధ్య నొక్కండి.

వెంటనే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గుడ్డను చదరంగా సర్దాలి. ముందు నిలువునా, తర్వాత అడ్డంగా, చివరగా వంకరపోయిన మూల నుంచి ఎదురుమూలకు ఐమూలగా మెల్లగా లాగాలి. తడిగా ఉన్నప్పుడే ఈ పని సాగుతుంది. ఎండాక పడుగు పేకలు ఎలా ఉంటే అలాగే గంజి వాటిని బిగించేస్తుంది. వంకరగా ఎండిన గుడ్డను మళ్లీ తడపడం తప్ప దారి లేదు.

ఒకే తీగ మీద వేలాడదీస్తే గంజి కిందికి జారి, కింది అంచు అట్టలా, పై భాగం మెత్తగా తయారవుతుంది. రెండు తీగల మీద పడక ఉయ్యాలలా వెడల్పుగా వేసి, పావుగంటకోసారి తలకిందులు చేయండి. నీడలో, గాలి ఆడే చోట. మే నెలలో పడమటి వడగాలి వీచేటప్పుడు ఎండలో వేస్తే అంచులు నిమిషాల్లో ఎండి బిగుసుకుంటాయి, మధ్య భాగం ఇంకా తడిగానే ఉండి ఉబ్బుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో దీనికి పూర్తిగా ఉల్టా. గుడ్డ ఆరదు, ఆరినది మళ్లీ చెమ్మ పీల్చి వాడిపోతుంది, రెండు రోజులు మడతలో ఉంటే బూజు చుక్కలు పడతాయి. సంక్రాంతి దాటాక జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ పనికి అన్నిటికన్నా మంచివి. కోస్తా ఊళ్లలో ఏ నెలలోనైనా పొద్దున్నే ముంచి, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యేలోపు ఇస్త్రీ ముగించండి.

ఇస్త్రీ

పూర్తిగా ఎండనివ్వకుండా, చేతికి చల్లగా తగిలే చెమ్మ ఉండగానే తీసేయాలి. ఎండిపోతే నీళ్లు చిలకరించి, చుట్టగా చుట్టి, తడిగుడ్డ కప్పి గంటసేపు ఉంచండి.

వేడి నూలు గుర్తు దగ్గర, ఆవిరి లేకుండా. గుడ్డ వెనకవైపు మాత్రమే. ఇస్త్రీ పెట్టెను పడుగు వెంట నడపండి, ఐమూలగా ఎప్పుడూ తోయొద్దు. వీలైనంత వరకు పెట్టి, ఎత్తి, పక్కన పెట్టడమే, రుద్దడం తక్కువ. గంజి పెట్టెకు అంటి గోధుమరంగు పొట్టు లేస్తోందంటే గుడ్డ మరీ తడిగా ఉంది, లేదా గంజి ఇంకా లోపలికి ఇంకలేదు. ఆపి, పెట్టె చల్లారాక తడిగుడ్డతో తుడిచి మొదలుపెట్టండి. వీధిలో బొగ్గుల ఇస్త్రీకి ఇచ్చేవాళ్లు ‘మూలలు లాగొద్దు, నిలువుగానే తీయండి’ అని ముందే చెప్పాలి. చీర మడతలు సరిపోవాలని లాగి చేయడం వాళ్లకు అలవాటు.

బిగువు సరిపోయిందో లేదో ఇలా చూడండి. ఒక అంగుళం వెడల్పు, ఆరంగుళాల పొడవున పట్టీ కోసి, ఒక కొస పట్టుకుని అడ్డంగా చాపండి. రెండో కొస నిలువునా వేలాడితే గంజి చాలలేదు. ముందు సగం నిలబడి, చివర మెల్లగా వంగితే సరైన బిగువు. అసలు వంగకుండా ఉండి, మడిస్తే చిటుక్కుమని తెల్లగీత పడితే ఎక్కువైంది. ఇప్పుడు అదే కొలతలో ఇంకో పట్టీని ఐమూలగా కోసి లాగి చూడండి. ఆరంగుళాలకు కంటికి కనిపించేంత సాగితే ముక్కోణాలకు ఇంకా పనికిరాదు. చాలనప్పుడు మళ్లీ ముంచనక్కర్లేదు. ఒకటికి మూడు పాళ్ల గంజిని స్ప్రే సీసాలో పోసి వెనకవైపు చల్లి, రెండు నిమిషాలు ఇంకనిచ్చి ఇస్త్రీ చేయండి. ఒక్కసారి మందంగా కొట్టడం కన్నా రెండుసార్లు పల్చగా కొట్టడం ఎప్పుడూ మేలు.

కోత, కుట్టు

గంజి పెట్టిన గుడ్డను వారం లోపు కోసేయండి. చుట్టగా చుట్టి ఉంచండి, మడతలు వద్దు. బొద్దింకలు, సిల్వర్‌ఫిష్ పురుగులు గంజి కోసమే గుడ్డను కొరుకుతాయి.

నేసిన అంచు నుంచి అర అంగుళం తీసేశాకే కొలత మొదలుపెట్టాలి, అంచు నేత బిగువు వేరు. కత్తెరతో రెండు పొరలకు మించి కోయొద్దు. రోటరీ కట్టర్‌తో, అంటే చక్రంలా తిరిగే బ్లేడుతో, నాలుగు పొరలు సాఫీగా తెగుతాయి. ఇస్త్రీ తగలబోయే గుడ్డ మీద టైలర్ సుద్ద తప్ప మరే రంగు గుర్తూ వాడొద్దు, కొన్ని రంగులు వేడికి అక్కడే ఉండిపోతాయి.

పల్చటి చీర ముక్కలకు పదకొండో నంబరు సూది, పాప్లిన్‌కు పద్నాలుగు. కుట్టు పొడవు రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు. సూది గుచ్చుకున్నప్పుడల్లా టప్‌మని శబ్దం వస్తుంటే సూది మొద్దుబారింది, మార్చండి. గంజి పొడి, నూలు దుమ్ము కలిసి మిషను పళ్ల కింద పేరుకుంటాయి. ప్రతి రెండు బాబిన్లకు ఒకసారి ప్లేటు విప్పి బ్రష్‌తో దులపాలి.

గంజి వదిలించడం

ఇది చేయకపోతే బొంత పూర్తి కానట్టే. లోపల పొర పాత చీరలైనా, కుట్టి తయారుచేసిన దూది షీటైనా, బొంత మొత్తాన్ని గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లు మార్చి మళ్లీ అంతే నానబెట్టి, రెండుసార్లు జాడించండి. చల్లనీళ్లకు గంజి సగమే వదులుతుంది. జాడించిన నీళ్లు వేళ్ల మధ్య జారుడుగా తగిలితే ఇంకా గంజి ఉందని.

లోపల ఏకిన విడి దూది నింపే బొంతను తడపకూడదు, దూది ఉండలు కడుతుంది. దానికి పైపొరను దూది పరచకముందే శుభ్రం చేయాలి. చేత్తో వరస కుట్లు వేసేవాళ్లకూ ఇదే పద్ధతి మంచిది, గట్టి గంజిలోంచి సూది లాగితే వేళ్లు పుండవుతాయి. పైపొర అతకడం పూర్తయ్యాక చుట్టూ అంచుకు అరపావు అంగుళం లోపల మిషను మీద ఒక వరస కుట్టండి. అది ఐమూల అంచులను సాగకుండా పట్టుకుంటుంది. తర్వాత వెడల్పాటి టబ్బులో, రుద్దకుండా, పిండకుండా నానబెట్టి, తువాలు మధ్య నొక్కి, నులక మంచం మీద పరిచి ఆరబెట్టండి. అతుకుల మడతలు వెనకవైపు లేచి ఉంటాయి. కొద్ది చెమ్మ ఉండగా ఒక్కో అతుకూ ఒకే వైపుకు, ముదురు రంగు గుడ్డ వైపుకు, వంచి ఇస్త్రీ చేశాకే దూది పరవండి.